లియో వాసన పోవడం లేదు, ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. ఏదన్నా దారి చెప్పండి

లియో_అమ్మ
నెల్లూరు వేదాయపాళెంలో అద్దెకుంటున్నాం, కింది పోర్షను. మా లియోకి నాలుగేళ్ళు, లాబ్రడార్. వానలు మొదలైన దగ్గర్నుంచి ఇల్లంతా ఒకటే వాసన. మాకు అలవాటైపోయి తెలియడం లేదు గానీ వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతున్నారు. నిన్న పై అంతస్తు నుంచి ఓనరు గారు దిగి వచ్చి, "నెలాఖరులోపు కుక్కనన్నా ఎక్కడికైనా పంపండి, మీరన్నా వేరే ఇల్లు చూసుకోండి" అని చెప్పి వెళ్ళారు. ఆయన్ని తప్పు పట్టను. మెట్లెక్కుతుంటే నాకే ఒక్కోసారి గుప్పుమంటోంది.

నేను చేస్తున్నవి ఇవీ. వారానికి రెండుసార్లు స్నానం, మేం వాడే షాంపూతోనే. రోజుకి మూడుసార్లు ఫినాయిల్ వేసి తుడవడం. సాయంత్రం సాంబ్రాణి. సోఫా మీద రూమ్ స్ప్రే. అన్నీ కలిసి ఇంకో కొత్త వాసన పుట్టింది తప్ప పాతది పోలేదు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. లియోని పంపే మాట మాత్రం లేదు. పిల్లవాడు వాడి పక్కనే పెరిగాడు. చేసి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కావలి_కుర్రోడు
వంటసోడా అక్కా. సోఫా మీద, వాడు పడుకునే చోట పలచగా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వాక్యూమ్‌తో లాగేయండి. ఆ టైములో వాణ్ణి ఆ గదిలోకి రానివ్వకండి, నాకేస్తాడు. మా ఇంట్లో ఇదే నడుస్తోంది.

ఒంగోలు_గిత్త
ఇల్లు లియో పేరు మీద రాయించేస్తే సరి, అప్పుడు ఓనరు గారే వాణ్ణి అడిగి లోపలికి రావాలి. సరదాకి అన్నాను తల్లీ, బాధపడకండి. మాదీ ఇదే కథ, రాత్రికి వివరంగా రాస్తాను.

అమ్మమ్మ_ఇల్లు_కందుకూరు
మా రోజుల్లో కుక్క వాకిట్లో ఉండేది, ఇల్లు ఇల్లుగా ఉండేది. సోఫా ఎక్కించి, ఏసీలో పడుకోబెట్టి, వాసన వస్తోందని ఏడిస్తే ఎట్టా? ఆరుబయట కట్టేసి రెండు పూటలా అన్నం పెట్టండి. ఎండా గాలీ తగిలితే ఏ వాసనా ఉండదు.

మైపాడు_అలలు
పెద్దావిడ మాటకి ఎదురు చెప్తున్నందుకు మన్నించాలి. కింది పోర్షనులో అద్దెకున్నవాళ్ళకి వాకిలి ఎక్కడిది? రోహిణి కార్తెలో లాబ్రడార్‌ని బయట కట్టేస్తే వడదెబ్బకే పోతుంది. ఆ జాతి చలిదేశంది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు.

లియో_అమ్మ గారూ, ఆ రెండో పొర దగ్గరే నాకో అనుమానం ఉంది. స్నానం చేయించాక ఎలా ఆరబెడుతున్నారు?

లియో_అమ్మ
తువ్వాలుతో తుడిచి వదిలేస్తాను. వాడే విదిలించుకుని ఫ్యాను కింద పడుకుంటాడు.

మైపాడు_అలలు
సగం గొడవ అక్కడే ఉందండీ. పైన ఆరినట్టు కనిపిస్తుంది, కింద మెత్తటి బొచ్చు గంటల తరబడి తడిగానే ఉంటుంది. మన తీరప్రాంతం గాలిలో అసలే చెమ్మ. చర్మం మీద ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు ఆ తడిలో పెరిగి వాసన పుట్టిస్తాయి. తడిసిన కుక్క కంపు అంటామే, అది అదే. వారానికి రెండుసార్లు తడిపి ఆరబెట్టకపోతే, వారానికి రెండుసార్లు మనమే ఆ వాసన తయారు చేస్తున్నట్టు.

నేను మా దాన్ని మైపాడు బీచ్‌కి తీసుకెళ్తుంటాను. అక్కడ ఇంకో తంటా ఉంది. ఒడ్డున చచ్చిన చేప కనిపిస్తే చాలు, పెళ్ళికి సెంటు పూసుకున్నట్టు దాని మీద పొర్లుతుంది. అందుకే బండిలో ఎప్పుడూ పాతిక లీటర్ల మంచినీళ్ళ క్యాను ఉంటుంది. ఉప్పునీళ్ళు ఒంటి మీదే ఆరితే దురద పెడుతుంది, గోక్కుంటే పుండు పడుతుంది, దాని వాసన వేరే. ఇంటికి రాగానే మూడు తువ్వాళ్ళు, ఆ తర్వాత బ్లోయరు చల్లటి గాలి మీద పెట్టి, బొచ్చు వేళ్ళతో విడదీస్తూ చర్మం దాకా ఆరబెడతాను. అరగంట పడుతుంది. విసుగే. చేయక తప్పదు.

పశువైద్యం_పొదిలి
నేను పశువుల డాక్టరుని. ఇంటి సంగతి మిగతావాళ్ళు చెప్తారు, నేను కుక్క సంగతి అడుగుతాను. అమ్మా, ఒకసారి లియో దగ్గర కూర్చుని తల నుంచి తోక దాకా ముక్కు పెట్టి వాసన చూడండి. చెవి లోపలి భాగం, నోరు, కాలి వేళ్ళ సందులు, చంకలు, పొట్ట మడతలు, తోక కింద. ఒక్కో చోట వాసనకి ఒక్కో అర్థం ఉంటుంది. పులిసిన పిండిలా ఉంటే ఒకటి, కుళ్ళిన చేపలా ఉంటే ఒకటి, నోటి నుంచి కంపైతే ఇంకొకటి. చూసి ఇక్కడ రాయండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒళ్ళు దగ్గరికి వెళ్తే కాస్త వాసన వస్తుంది గానీ వీధి గుమ్మం దాకా రాదు.

పగ్_ప్రపంచం
డాక్టరు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. మా పగ్ ముఖం మడతల్లో చెమ్మ చేరి భరించలేని వాసన వచ్చేది. రోజూ పొడి మెత్తటి గుడ్డతో మడత మడతా తుడిచి ఆరనిస్తే పోయింది. అది తెలియక అంతకుముందు నేను మూడు రకాల షాంపూలు కొన్నాను.

నిమ్మతోట_పొదలకూరు
ఫినాయిల్ మానేసి బయో ఎంజైమ్ వాడండి. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు నిమ్మతొక్కలు, పది పాళ్ళు నీళ్ళు. ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూడు నెలలు పులియబెట్టాలి. మొదటి నెల రోజూ మూత కొద్దిగా తిప్పి గ్యాసు వదలాలి, లేకపోతే డబ్బా పగులుతుంది. మా తోటలో రాలిన కాయలు, మార్కెట్లో తీసేసిన కాయలు అన్నీ దానికే. నేల తుడిచే నీళ్ళలో మూత నిండా కలిపితే చాలు, ఇల్లు నిమ్మతోటలా ఉంటుంది.

చీమకుర్తి_రాయి
ఆగండి ఆగండి. లియో_అమ్మ గారూ, మీ ఇంట్లో నేల ఏంటి? కడప బండా, మార్బులా, టైల్సా, గ్రానైటా? అది తెలియకుండా నిమ్మరసం, వెనిగర్ ఏదీ పోయొద్దు. నేను పాతికేళ్ళుగా రాళ్ళ పనిలో ఉన్నాను. కడప బండ, మార్బులు రెండూ సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే పైపొర తినేసి మెరుపు పోయి గరుకు తేలుతుంది. గరుకైన రాయి ఉచ్చని ఇంకా బాగా పీలుస్తుంది. వాసన పోగొడదామని చేసిన పని వాసనకి శాశ్వతంగా చోటిచ్చినట్టవుతుంది. మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి గ్రానైటు పులుపుకి అంత తేలిగ్గా లొంగదు. కానీ పలకల మధ్య జాయింట్లలో ఉండేది సిమెంటే, దాన్నీ పులుపు తినేస్తుంది.

ఏ రాయో తెలియకపోతే మూలలో ఎవరికీ కనపడని చోట ఒక్క చుక్క వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తే సున్నపురాయి.

లియో_అమ్మ
హాలులో టైల్స్. వెనక వరండా, మెట్ల కింద కడప బండ. వరండాలో వెనిగర్ పోద్దామని నిన్ననే సీసా తెచ్చాను, మీరు ఆపారు. చాలా థాంక్సండీ.

డాక్టరు గారూ, మీరు చెప్పినట్టు చూశాను. చెవుల దగ్గర అచ్చం పులిసిన దోసెల పిండి వాసన. లోపల గోధుమరంగు జిగురు. ఈ మధ్య తల ఊరికే విదిలిస్తున్నాడు, ఆటేమో అనుకున్నాను. కాళ్ళ వేళ్ళ మధ్య కూడా అదే వాసన, అక్కడ తెల్ల బొచ్చు కాస్తా ఎర్రగా తిరిగింది. పొట్ట మీద చర్మం నల్లబడి మందంగా ఉంది. ఇన్ని రోజులు కళ్ళ ముందే ఉన్నా నేను చూడలేదు.

పశువైద్యం_పొదిలి
మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, చాలామంది స్నానం మీద స్నానం చేయించి చివరికి మా దగ్గరికి వస్తారు. మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే మలసీజియా అనే ఈస్టు, అంటే ఒక రకం శిలీంధ్రం, పెరిగినట్టుంది. అది ప్రతి కుక్క చర్మం మీదా కొద్దిగా ఉంటుంది. చెమ్మ, జిడ్డు, అలర్జీ ఏదో ఒకటి తోడైతే విపరీతంగా పెరుగుతుంది. లాబ్రడార్ చెవులు కిందికి వేలాడతాయి, లోపల గాలి ఆడదు, ఇంక చెప్పేదేముంది.

రెండు మాటలు గట్టిగా చెప్తాను. మొదటిది, మందుల షాపులో అడిగి చెవిలో చుక్కలు మీ అంతట మీరు వేయొద్దు. లోపల కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని రకాల చుక్కలు శాశ్వతంగా చెవుడు తెస్తాయి. చెవిలోకి చూసే పరికరం ఉన్న డాక్టరుకి చూపించండి. ఆ జిగురు గాజుపలక మీద రుద్ది మైక్రోస్కోపులో చూస్తే ఈస్టా, బాక్టీరియానా, పురుగా అన్నది అక్కడికక్కడే తేలుతుంది.

రెండోది, మీ షాంపూ వాడకండి. మన చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది, కుక్క చర్మం ఇంచుమించు తటస్థంగా ఉంటుంది. మన షాంపూ దాని చర్మాన్ని పొడిబార్చి రేపుతుంది. ఈస్టుకైతే క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన మందు షాంపూ ఉంటుంది, డాక్టరు రాసిస్తారు. రుద్ది వెంటనే కడిగేస్తే డబ్బులు దండగ. పది నిమిషాలు ఒంటి మీద ఉంచాలి, గడియారం చూసుకుని మరీ. మా పొదిలి వైపు బోరు నీళ్ళు గట్టివి, నురగ రాదు, వచ్చినా సరిగా పోదు. మీకూ అలాగే ఉంటే ఆఖరి రెండు బకెట్లు మంచినీళ్ళు పోయండి.

ఒంగోలు_గిత్త
పది నిమిషాలు లాబ్రడార్‌ని కదలకుండా పట్టుకోవడం కంటే ఒంగోలు ఎద్దుని పట్టుకోవడం తేలిక.

కావలి_కుర్రోడు
బాత్రూమ్ గోడకి వేరుశనగ ముద్ద కొద్దిగా పూయండి అన్నా. అది నాకుతూ నిలబడుతుంది, పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి. కొనే సీసా మీద జైలిటాల్ (తీపి కోసం వేసేది) అని ఉంటే మాత్రం వద్దు, కుక్కలకి అది విషం.

రాత్రి_డ్యూటీ
ఆడకుక్కలున్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మా చిన్నీకి ఆపరేషన్ చేయించలేదు. ఎదకొచ్చి వెళ్ళి నెలన్నర అయ్యింది. అప్పటి నుంచి అది పడుకున్న చోట ఒక రకం కుళ్ళు వాసన. నేనూ ఇలాగే షాంపూ మార్చాను, పక్క మార్చాను, గదిలో కర్పూరం పెట్టాను. నీళ్ళు బాగా తాగేది, ఎండాకాలం కదా అనుకున్నాను. అన్నం మానేసింది. ఒకచోట చూపిస్తే ఒళ్ళు వేడి అని జ్వరం ఇంజెక్షన్ చేసి పంపారు. మూడో రోజు లేవలేదు. ఇంకో డాక్టరు స్కాన్ తీసి గర్భసంచిలో చీము నిండిందని చెప్పారు, దాన్ని పయోమెట్రా అంటారట. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు గానీ దక్కలేదు.

రెండేళ్ళయింది. వాసన అనే మాట వినపడితే ఇప్పటికీ నాకు అదే గుర్తొస్తుంది. దయచేసి వాసనని శుభ్రం సమస్యగా మాత్రమే చూడకండి.

లియో_అమ్మ
చదివి ఏడుపొచ్చింది అక్కా. రేపు పొద్దున్నే లియోని తీసుకెళ్తున్నాను.

పశువైద్యం_పొదిలి
రాత్రి_డ్యూటీ గారు రాసింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఎద ముగిసిన కొన్ని వారాల్లో నీరసం, విపరీతమైన దాహం, తిండి మానడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. గర్భసంచి మూతి మూసుకుని ఉంటే బయటికి చీమూ రాదు, వాసనా రాదు, అది ఇంకా ప్రమాదం. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ ముందే చేయించడం మేలు.

ఇంకో మాట. నోటి నుంచి ఉచ్చ వాసన వస్తే మూత్రపిండాలు చూపించాలి. తోక కింద నుంచి చేపల కంపు వస్తూ, కుక్క నేల మీద పిర్రలు ఈడ్చుకుంటూ పోతుంటే అక్కడి గ్రంథులు నిండి ఉంటాయి. వీడియోలు చూసి మీరే నొక్కొద్దు, పగిలితే పుండవుతుంది.

అమ్మమ్మ_ఇల్లు_కందుకూరు
నేను ముందు రాసింది కటువుగా ఉంది, ఏమనుకోకమ్మా. ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నావని తర్వాత అర్థమైంది. ఒక చిట్కా చెప్తాను. బూరుగుదూది పరుపు మీద కుక్క ఉచ్చ పోసిందా? పైన ఎంత కడిగినా పోదు. కుట్లు విప్పి దూది తీసి, తడిసిన భాగం పారేసి, మిగిలింది మూడు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండలో పోసి, కర్రతో కొట్టి మళ్ళీ కుట్టించాలి. మా ఇంట్లో మనవళ్ళ పరుపులన్నీ అట్టా బాగుచేసినవే.

దర్గామిట్ట_టీచర్
కెమిస్ట్రీ చెప్తాను, అందుకే ఆగలేక రాస్తున్నాను. వానలొచ్చాకే వాసన పెరిగిందని మొదటి పోస్టులో ఉంది, ఎందుకో ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

ఉచ్చలో యూరియా ఉంటుంది. బాక్టీరియా దాన్ని విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. తెల్లారి పశువుల పాకలోకి వెళ్తే కళ్ళు మండేది దానికే. నీళ్ళు ఆవిరైపోయినా లవణాలు, మిగతా పదార్థాలు జాయింట్లలో, చెక్కలో, స్పాంజిలో ఉండిపోతాయి. వేసవిలో ఎండిపోయి వాసన తెలియదు. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, ఆ ఎండిన మరకలూ అలాగే గాలిలో తేమని లాక్కుంటాయి. బాక్టీరియాకి మళ్ళీ ప్రాణం వస్తుంది. నెలల కిందటి ఉచ్చ నిన్న పోసినట్టు వాసనేస్తుంది.

ఫినాయిల్ ఆ పదార్థాన్ని విడగొట్టదు, పైన ఇంకో ఘాటు కప్పుతుంది అంతే. పైగా వాడు తడి నేల మీద నడిచి కాళ్ళు నాకుతాడు, అది కడుపులోకి పోతుంది. ఎంజైమ్ క్లీనర్లు అని పెంపుడు జంతువుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవి నిజంగా విడగొడతాయి. వాడే పద్ధతి తెలియక చాలామంది పని చేయలేదంటారు. ముందు ఆ చోటు మామూలు నీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి ఫినాయిల్ అవశేషం పోగొట్టాలి, లేకపోతే ఎంజైములు అక్కడే పాడవుతాయి. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో ఇదీ అంత లోతుకి దిగేలా పోయాలి. పైన తడిగుడ్డ కప్పి కొన్ని గంటలు ఆరకుండా ఉంచాలి. ఆరిపోతే పని ఆగిపోతుంది. పాత మరకకి రెండుమూడుసార్లు చేయాలి.

నిమ్మతోట గారూ, మీ ద్రావణం నేల తుడవడానికి బాగుంటుంది, కాదనను. కానీ పులిసిన నిమ్మతొక్కల్లో పనిచేసేది ముఖ్యంగా ఆమ్లమే. పాత ఉచ్చ మరకకి దాన్ని నమ్ముకోవద్దు.

నిమ్మతోట_పొదలకూరు
మేం ఆరేళ్ళుగా వాడుతున్నాం, పశువుల కొట్టం కూడా దాంతోనే కడుగుతాం. మాకు పనిచేస్తోంది కదా టీచరు గారూ. ల్యాబులో కాదు, మా ఇంట్లో చూసి చెప్తున్నా.

దర్గామిట్ట_టీచర్
కొట్టంలో రోజూ నీళ్ళు కొట్టి కడుగుతారు కదండీ, తాజా అమ్మోనియాని ఆమ్లం కట్టేస్తుంది కూడా. అక్కడ పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. సోఫా స్పాంజిలో ఆరు నెలల కిందటిది వేరు.

నిమ్మతోట_పొదలకూరు
సరే, సోఫాకి మీ మాట. కొట్టానికి నా మాట.

కావలి_కుర్రోడు
వెనిగర్, వంటసోడా కలిపి స్ప్రే చేస్తే డబుల్ పవర్ అని విన్నాను, నిజమేనా సార్?

దర్గామిట్ట_టీచర్
బుడగలు చూడటానికి బాగుంటాయి బాబూ, అయిపోయాక రెండూ ఒకదాన్నొకటి చంపుకుని ఒక రకం లవణం కలిసిన నీళ్ళు మిగులుతాయి. విడివిడిగా వాడు.

అసలు భయపడాల్సిన కలయిక వేరే ఉంది. ఉచ్చ మీద బ్లీచింగ్ పోయకండి. అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అనే విషవాయువు వస్తుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఇంకా దారుణం. మా వీధిలో ఒకావిడ కుక్క గది తలుపు మూసి రెండూ పోసి కడిగి, ఊపిరాడక గోడ పట్టుకుని బయటికి వచ్చింది. అదృష్టం బాగుండి బతికింది.

పగ్_ప్రపంచం
టీ ట్రీ ఆయిల్ రెండు చుక్కలు స్నానం నీళ్ళలో వేస్తే మంచి వాసన వస్తుందని ఒక వీడియోలో చూశాను. ఎవరైనా వాడారా?

పశువైద్యం_పొదిలి
వద్దు. కుక్కలకి అది విషం, చర్మం నుంచే ఒంట్లోకి పోతుంది. ఒళ్ళు వణుకుతూ, నడక తడబడుతూ తెచ్చిన కుక్కని చూశాను. బీరువాల్లో వేసే కలరా ఉండలు కూడా కుక్కకి అందే చోట పెట్టొద్దు. కర్పూరం కూడా అంతే.

ఒంగోలు_గిత్త
రాత్రి రాస్తానని చెప్పి రెండు రోజులకి వచ్చాను. మాది లాయర్‌పేటలో సొంతిల్లు. ఏడాదిపాటు వాసన ఎక్కడిదో పట్టుకోలేకపోయాం. చివరికి ఒక యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి తెప్పించాను. రాత్రి లైట్లన్నీ ఆర్పి, మోకాళ్ళ మీద కూర్చుని గోడల వెంబడి వేసుకుంటూ పోయాను. ఎండిన ఉచ్చ మరకలు లేత పసుపుపచ్చగా మెరుస్తాయి. మా ఫ్రిజ్ వెనక, దేవుడి గది గుమ్మం చెక్క మీద, సోఫా నాలుగు కాళ్ళకి. గుమ్మం మీద చూసి మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. సుద్దముక్కతో చుట్టూ గీతలు గీసి పెట్టుకుని పొద్దున ఒక్కోటీ కడిగాను. సబ్బు పొడి, పాల మరకలు కూడా మెరుస్తాయి, కాబట్టి ముక్కు పెట్టి ఖాయం చేసుకోండి.

లియో_అమ్మ గారూ, ఇల్లంతా కడగడం మాని ఆ నాలుగైదు చోట్లు పట్టుకోండి.

లియో_అమ్మ
నాలుగు రోజుల సంగతులు రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

డాక్టరుకి చూపించాం. రెండు చెవుల్లోనూ ఈస్టే. కర్ణభేరి బాగానే ఉందట. చెవులకి మందు, వారానికి రెండుసార్లు పది నిమిషాల షాంపూ రాశారు. చికెన్ తింటే దురద పెరుగుతోందేమో చూద్దామని కొన్నాళ్ళు తిండి మార్చి చూడమన్నారు. కిందటి నెల చేపల పులుసు అన్నం పెట్టానని చెప్తే కోప్పడ్డారు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని పాడుచేస్తాయట, నాకు తెలియదు. ఇకనుంచి వాడికి ముక్క ఉడికించి విడిగా పెడతాను.

ఇక టార్చి. మా తమ్ముడి దగ్గర ఉంటే తెప్పించాను. హాలులో సోఫా వెనక గోడ, చెప్పుల స్టాండు రెండు చోట్ల మెరిశాయి, అంతే. అంత వాసనకి ఇంతేనా అనిపించింది. అప్పుడు మా ఆయన "మెట్ల కింద చూద్దాం" అన్నారు. మెట్ల కింద కరెంటు మీటరు బోర్డు గోడ, గేటు పక్క స్తంభం అడుగుభాగం మొత్తం మెరిసిపోతోంది. లియో అటు వెళ్ళనే వెళ్ళడు, వాణ్ణి వెనక వరండా నుంచే బయటికి తీసుకెళ్తాం. గేటు కింద సందు ఉంది. రాత్రి రెండింటికి కిటికీ దగ్గర కూర్చుని చూశాను. వీధి కుక్కలు రెండు ఆ సందులోంచి దూరి, మీటరు గోడకి కాలెత్తి, స్తంభానికి ఎత్తి, మళ్ళీ దూరి పోయాయి. లోపల లియో లేచి గుర్రుమని, వెళ్ళి సోఫా వెనక తన వంతు పోశాడు.

ఓనరు గారికి మెట్లెక్కుతుంటే వచ్చే వాసన ఎక్కువ భాగం ఆ గోడదే.

ఒంగోలు_గిత్త
రాత్రి రెండింటికి కాపలా కాశారా! మా ఒంగోలు పోలీసులు కూడా మీ దగ్గర నేర్చుకోవాలి.

పశువైద్యం_పొదిలి
బాగా పట్టుకున్నారమ్మా. బయటి కుక్కల గుర్తుకి లోపలి మగకుక్క జవాబు పెడుతుంది. ఆ బయటి వాసన ఉన్నంతకాలం సోఫా వెనక ఎంత కడిగినా మళ్ళీ పోస్తాడు. వృషణాలు తీయించే ఆపరేషన్‌తో చాలా మగకుక్కల్లో ఈ అలవాటు తగ్గుతుంది, అన్నిట్లో పూర్తిగా పోదు. చెవులు తగ్గాక ఆలోచించండి.

చీమకుర్తి_రాయి
మెట్ల కింద కడప బండ అన్నారు కదా. వెనిగర్ పనికిరాదు, చెప్పాను. ముందు జాయింట్లలో పాడైన సిమెంటు గీకి తీయించండి, వాసన పట్టుకునేది రాయి కంటే అదే ఎక్కువ. ఎంజైమ్ ద్రావణం పోసి, తడిగోనె సంచి కప్పి ఉంచండి. పూర్తిగా ఆరాక ఎపాక్సీతో, అంటే తడి పీల్చని గట్టి జిగురు ముద్దతో, జాయింట్లు నింపించండి. బండ మీద తడి ఇంకకుండా ఆపే సీలర్ ఒక పూత. మేస్త్రీకి ఒక పూట పని. మీటరు గోడ అడుగున సున్నం పెచ్చులూడి ఉంటే రెండడుగుల ఎత్తు దాకా గీకి, కడిగి, ఆరాక మళ్ళీ పూత పూయించాలి. ఊరికే రంగు వేస్తే కిందనుంచి మళ్ళీ వస్తుంది.

గేటు కింద సందుకి ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించండి. అన్నిటికంటే ముందు అది.

అమ్మమ్మ_ఇల్లు_కందుకూరు
ఓనరు గారి భార్యని కిందికి పిలిచి ఆ టార్చి వేసి చూపించమ్మా. మగవాళ్ళకి చెప్పేకంటే అది నయం. పిలిచినప్పుడు కాఫీ ఇవ్వు.

మైపాడు_అలలు
సోఫా స్పాంజి సంగతి ఏం చేశారు?

లియో_అమ్మ
ఒక కుషన్ లోపల దాకా తడిసి ఉంది, స్పాంజి పారేసి కొత్తది వేయించాను. మిగతా వాటి కవర్లు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండకి వేశాను. రెండు రోజులు వాన తెరిపి ఇచ్చింది, అది మా అదృష్టం.

రాత్రి_డ్యూటీ
ఏసీ ఫిల్టర్ తీసి చూడండి. మా గదిలో దాన్నిండా బొచ్చు, జిడ్డు. ఏసీ వేసిన ప్రతిసారీ అదే గాలి మళ్ళీ మళ్ళీ తిరిగేది. తీసి కడిగితే ఆ రోజే తేడా తెలిసింది.

కావలి_కుర్రోడు
ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే ఇవన్నీ అక్కర్లేదేమో?

దర్గామిట్ట_టీచర్
హెపా ఫిల్టర్ దుమ్ముని, రాలిన చర్మపు పొట్టుని పడుతుంది. వాసన వాయువు కాబట్టి అందులోంచి దాటిపోతుంది. దానికి యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉండాలి, అదీ నిండాక మార్చాలి. మరకలు అలాగే ఉంచి మిషను పెడితే నీళ్ళు కారే కుళాయి కింద బకెట్లు మార్చుకుంటూ కూర్చున్నట్టు.

లియో_అమ్మ
మూడు వారాలకి వచ్చాను. అమ్మమ్మ గారు చెప్పినట్టే పై ఇంటి ఆంటీని పిలిచాను. టార్చి వెలుగులో మీటరు గోడ చూసి ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మేం మీ వాణ్ణే అన్నాం గదమ్మా" అన్నారు. గేటుకి ఇనుప పట్టీ వాళ్ళే వేయించారు. మెట్ల కింద జాయింట్ల పని సగం ఖర్చు మేం పెట్టాం.

లియో చెవులు శుభ్రంగా ఉన్నాయి. పొట్ట మీద నలుపు ఇంకా ఉంది, నెలలు పట్టొచ్చన్నారు. తల విదిలించడం మానేశాడు. అంతకుముందు రాత్రిళ్ళు లేచి తిరిగేవాడు, అది అలవాటనుకున్నాను. చెవులు తగ్గాక తెల్లారిందాకా కదలకుండా పడుకుంటున్నాడు. పాపం, ఎన్నాళ్ళు బాధపడ్డాడో.

ఓనరు గారు మాత్రం "సంక్రాంతి దాకా చూద్దాం" అన్నారు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. నిన్న సాయంత్రం మెట్ల మీద ఆగి "ఏరా" అని లియోని పలకరించారు.

ఒంగోలు_గిత్త
"ఏరా" అన్నారంటే సంక్రాంతికి అరిసెలు కూడా పెడతారు.

పశువైద్యం_పొదిలి
అరిసెలు పెట్టొద్దు. నూనె, బెల్లం.

నిమ్మతోట_పొదలకూరు
లియో_అమ్మ గారూ, ఎప్పుడన్నా పొదలకూరు వైపు వస్తే నిమ్మతొక్కల సీసా ఇస్తాను. టైల్స్‌కి మాత్రమే, కడప బండకి కాదు. నేర్చుకున్నాను.

కొత్త_సభ్యుడు_గిద్దలూరు
ఇదంతా ఇప్పుడే చదివాను. మాది స్పాంజి పరుపు, కుక్కపిల్ల రాత్రి పోసింది. ఎంజైమ్ సీసా మా ఊళ్ళో దొరకదు, ఆన్‌లైన్‌లో వారం అంటున్నారు. అప్పటిదాకా ఏం చేయాలి?

దర్గామిట్ట_టీచర్
ముందు పొడి గుడ్డలు పెట్టి మీద నిలబడి తడి పీల్చండి, రుద్దకండి. తర్వాత కొద్దిగా చల్లటి నీళ్ళు పోసి మళ్ళీ పీల్చండి. మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం దొరుకుతుంది, దానికి సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. అందులో చెంచాడు వంటసోడా, గిన్నెలు తోమే ద్రావణం రెండు చుక్కలు వేసి, కలిపిన వెంటనే మరక మీద పోయండి. మిగిలింది సీసాలో మూత పెట్టి దాచకండి, గ్యాసుకి పగులుతుంది. వెనిగర్ అందులో కలపొద్దు. గుడ్డ రంగు వెలిసే అవకాశం ఉంది, మూలలో చూసుకోండి. ఆరిపోయాక పరుపు నిలబెట్టి రెండు వైపులా ఎండ తగలనివ్వండి. పిల్ల వయసెంత?

కొత్త_సభ్యుడు_గిద్దలూరు
రెండు నెలలు.

మైపాడు_అలలు
అయితే పరుపు మీద రబ్బరు షీటు వేసేయండి. రాత్రి మూడు గంటలకోసారి అలారం పెట్టుకుని బయటికి తీసుకెళ్ళండి. ఆ వయసులో అంతకంటే ఆపుకోలేదు.